తగాదా తెగేదాకా

వంక తెగి ఊళ్ళోకి నీళ్ళొచ్చిన ఏడాది దాటి, మరుసటి మామిడి కోతల కాలం అది.

ఆ వరదకి పాల్ తోటకి పోయే బండ్ల బాట కొట్టుకుపోయింది. మిగిలిన దారి ఒక్కటే, మునిచంద్ర చేని గట్టు వెంబడి. ఒక పొద్దున పాల్ ట్రాక్టరు అటే తోలాడు. మధ్యాహ్నానికి మునిచంద్ర అక్కడ తుమ్మ కంప అడ్డం వేశాడు.

తోటలో తోతాపురి కాయ కోతకొచ్చింది. ఇంకొన్నాళ్ళు పోతే చెట్టు మీదే మెత్తబడుతుంది. మెత్తబడ్డ కాయను గుజ్జు ఫ్యాక్టరీ వాళ్ళు గేటు దగ్గరే తిప్పి పంపుతారు. పాల్ ఏడాది కష్టమంతా ఆ కంప వెనకాల ఉంది.

వడమాలపేటకు పోయి పోలీసులకు చెబుదామన్నారు పాల్ వైపు వాళ్ళు. పాల్ ఒప్పుకోలేదు.

"పంచాయతీకి కుప్పయ్య కూర్చోవాల. ఆయప్ప కూర్చుంటేనే నేనొస్తా."

టీ అంగడి పంకజాక్షి గ్లాసు కడుగుతూ ఆగిపోయింది. "మతి ఉండే మాట్లాడతా ఉండావా? పోయిపోయి ఆయన్నా?"

"ఆయన్నే. లేకుంటే కాయ చెట్టుమీదే కుళ్ళిపోనీ."

కుప్పయ్య మాటలు తక్కువ మనిషి. పాల్ వచ్చి అడిగితే ఊ అన్నాడు. చాప, చెంబు చంకన పెట్టుకుని ఆ సాయంత్రమే బడి వసారాకి వచ్చేశాడు. ఆ ఊళ్ళో పెద్దమనిషిగా కూర్చున్నవాడు తగాదా తెగేదాకా రెండు వైపుల ఇండ్లలో పచ్చి నీళ్ళు కూడా ముట్టడు. పంకజాక్షి అంగట్లో ఇడ్లీ తిని, వసారాలోనే పడుకున్నాడు.

మర్నాడు ఊరంతా అక్కడికొచ్చింది. కుప్పయ్య ఒకే ఒక్క బెంచీ వేయించాడు. ఇద్దర్నీ దాని మీదే కూర్చోమన్నాడు. తను కింద కూర్చున్నాడు.

మునిచంద్ర ఆయన మొహం చూడలేదు. జనం వైపు తిరిగి అన్నాడు.

"పాల్ పిలిస్తే వచ్చినోడు పాల్ మనిషే. ఈయన తీర్పు నేనొప్పను."

"తీర్పు చెప్పేదానికి రాలా," అన్నాడు కుప్పయ్య. "పాల్ బాధేందో నువ్వు చెప్పు. నీ బాధేందో పాల్ చెప్తాడు. అవతలోడు అవునన్నదాకా ఎవురూ లేసేది లేదు."

"నా బాధ నేను చెప్పుకోలేనా?"

"చెప్పుకున్నావు గదా, కంపతో."

జనం నవ్వారు. కుప్పయ్య నవ్వలేదు.

మొదట పాల్ చెప్పాడు. "ట్రాక్టరు కింద టమోటా మొక్కలు నలిగినాయని కోపం."

"కాదు," అన్నాడు మునిచంద్ర.

"గట్టు విరిగిందని."

"కాదు."

"నీ మనసులో ఉండేది నాకెట్ట తెలస్తాదబ్బా!"

కుప్పయ్య తొందరపెట్టలేదు. పాల్ నేల చూస్తూ అన్నాడు.

"వరద దినం మునిచంద్ర మా పిల్లోళ్ళిద్దర్నీ భుజానేసుకోని ఈ బళ్ళోకి తెచ్చినాడు. అట్టాంటోడి చేన్లో ఒక్క మాటైనా అడక్కుండా బండి తోలినా."

మునిచంద్ర అతని వైపు తిరిగాడు. "అవును."

మధ్యాహ్నం మునిచంద్ర భార్య కోమలి చెంబుతో నీళ్ళు, మూత పెట్టిన గిన్నె తెచ్చి కుప్పయ్య ముందు పెట్టింది. ఆయన చెంబును వేలితో అవతలికి జరిపాడు.

"నా చేతి సంగటి చేదు. అంగట్లో ఇడ్లీ తియ్యంగుండాదంట," అంది కోమలి, జనానికి చెప్తున్నట్టు. గిన్నె తీసుకుని విసవిసా వెళ్ళిపోయింది.

ఇక మునిచంద్ర వంతు.

"కాయ మెత్తబడితే ఫ్యాక్టరీ వాళ్ళు తీసుకోరు."

"అదొక్కటే కాదు," అన్నాడు పాల్.

"నన్నడిగితే వద్దంటానని భయం."

"భయమా? నాకా?" పాల్ లేచాడు. కుప్పయ్య చెయ్యెత్తాడు. పాల్ కూర్చున్నాడు.

"సరే, భయం కాదు. రోషం," అన్నాడు మునిచంద్ర. "అడగాలంటే మా గడప కాడికి రావాల గదా. ఆడికి వచ్చేదానికి రోషం."

"ఎందుకు రోషం?" అడిగాడు కుప్పయ్య.

మునిచంద్ర మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"పాత కత ఇప్పుడెందుకులేప్పా," అన్నారెవరో వెనక నుంచి.

"చెప్పనీ. చెప్పకుంటే నేనీడే కూర్చుంటా. కాయ కుళ్ళినా సరే, నేను కుళ్ళినా సరే," అన్నాడు పాల్.

మునిచంద్ర తల దించుకున్నాడు. "ఒకతూరి బాట మునిగి వాళ్ళ నాయన దారి అడిగేదానికొస్తే, మా నాయన గడప అవతల ఎండలో నిలబెట్టినాడు. కూర్చోమనలా. నీళ్ళియ్యలా. లేదు పొమ్మన్నాడు. పాల్ అప్పుడు చిన్నోడు, వాళ్ళ నాయన చెయ్యి పట్టుకోని ఉండాడు."

"గట్టిగా చెప్పు," అన్నాడు కుప్పయ్య. "వెనకోళ్ళకి వినబళ్ళా."

మునిచంద్ర ఆ రోజు మొదటిసారి కుప్పయ్య మొహంలోకి చూశాడు. లేచి నిలబడి, అదే మాట ఊరంతా వినేటట్టు చెప్పాడు.

"అవునా?" కుప్పయ్య పాల్‌ని అడిగాడు.

పాల్ కుప్పయ్య కళ్ళలోకే చూస్తూ అన్నాడు. "అవును. ఈ మాట కోసరమే నేనీడికొచ్చింది."

సాయంత్రానికి ఇద్దరూ కలిసి కంప లాగేశారు. చీకటి పడకముందే మొదటి బండి కాయతో గట్టు దాటింది.

కుప్పయ్య మాత్రం మళ్ళీ వసారాలోనే చాప పరిచాడు.

"తెగింది గదా, ఇంకా ఈడేం పని?" అంది పంకజాక్షి.

"సగమే తెగింది," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కుప్పయ్య పాల్ ఇంటికి పోయి, గడప అవతల ఎండలో నిలబడి, పాల్ లోపలికి రమ్మనేదాకా కదలకుండా ఉండి, ఆ ఇంటి చెంబుతో నీళ్ళు తాగి, ఆ తర్వాతే కొడుకు మునిచంద్ర పక్కన సంగటికి కూర్చోవడానికి తన ఇంటికి పోయాడు.