తోక మీది తోలు

"గాలానికి పడింది. తోలు కూడా నేనే తీశాను" అన్నాడు మొగుడు, వాలుగచేపను పెళ్లాం ముందు పెట్టి.

ఆమె చేపను తిప్పి చూసింది. మెడ చుట్టూ ఒకే గాటు, పట్టకారుతో ఒకే లాగుడు. కండ ఎక్కడా చిరగలేదు. తోక దగ్గర మాత్రం బెత్తెడు తోలు అలాగే ఉంది. అలా ఉంచే మనిషి ఒక్కతే.

ఒళ్లు మండిపోయింది. "ఇది మీ అమ్మ చేతి పని! నన్ను బయటికి గెంటినావిడ గడప మళ్లీ తొక్కావా?"

అతను ఒప్పేసుకున్నాడు. "తోకదాకా తీసెయ్యమన్నాను. వినలేదు. 'ఉండనీరా, కరకరలాడేలా వేయించుకు తినేది ఆ మొండిఘటమే' అంది."

"అయితే ఏంటట? ఆవిడతో నాకు మాటల్లేవు, ఇకముందూ ఉండవు!"

విసురుగా మూకుడు పొయ్యి మీద పెట్టింది. నూనె కాగగానే ముందు తోక ముక్కే వేసింది.