గేటు పక్క చిలకలిల్లు

“గేటు పక్కనే కావాలి,” అందామె మళ్ళీ.

రవ్వల మేస్త్రి కొలత టేపు కింద పడేసి నడుం మీద చేతులు వేసుకున్నాడు. వెల్డింగ్ చేసేటప్పుడు నిప్పురవ్వలు వీధి మధ్యదాకా ఎగరేస్తాడని ఆ పేటవాళ్ళు పెట్టిన పేరది. ఇరవై ఏళ్ళుగా గేట్లూ గ్రిల్సూ చేస్తున్నాడు గానీ, రెండు చిలకల కోసం మనిషి నిలబడేంత ఇల్లు కట్టమన్న మొండిఘటం ఈమె ఒక్కతే.

“అమ్మా, నా మాట వినండి. పెరట్లో అయితే చెట్టు నీడుంది.”

“నీడకి పైన రేకు వెయ్యి.”

“వీధి దుమ్మో?”

“కడుక్కుంటాను.”

“వచ్చేపోయేవాళ్ళ గోల?”

“ఉండనీ. వీధివైపు మాత్రం రేకు వెయ్యకు, జాలీయే ఉండాలి.”

అప్పుడే ఆమె భర్త మంచినీళ్ళ గ్లాసు తనే పట్టుకుని వచ్చాడు. పెద్దబడికి హెడ్మాస్టరు. అంతటి మనిషి తన చేతికి నీళ్ళందిస్తే మేస్త్రికి సిగ్గేసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన భార్యకి తనెప్పుడూ గ్లాసెడు నీళ్ళిచ్చిన పాపాన పోలేదు.

“చూశావా మేస్త్రీ, ఈవిడ పట్టుదల!” అన్నాడు మాస్టారు మెత్తగా. “సుకుమారమైన ప్రాణులు. మా పడగ్గదిలో వెచ్చగా ఉన్నాయి. వాటిని రోడ్డు మీదికి లాగడం దేనికమ్మా అని వారంరోజులుగా బతిమాలుతున్నాను.”

“ఆ గదిలో ఐదేళ్ళున్నాయి. ఇక చాలు,” అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది.

“మాట్లాడతాయాండీ?” అనడిగాడు మేస్త్రి.

“ఎక్కడ! నా ముందు ఒక్క ముక్క పలికితే ఒట్టు. నేను అడుగుపెడితే చాలు, మూలకి నక్కి నోళ్ళు మూసుకుంటాయి.” మాస్టారు నవ్వి, గొంతు తగ్గించాడు. “నువ్వు పెరట్లోనే గుంతలు తవ్వెయ్. ఆవిడకి నేను నచ్చజెప్పుకుంటాను.”

మేస్త్రి అలాగే చేశాడు. పెరట్లో నాలుగు గుంతలు తవ్వి భోజనానికి వెళ్ళొచ్చేసరికి నాలుగూ పూడిపోయి ఉన్నాయి. గేటు పక్కన కొత్తగా నాలుగు గుంతలు, వాటి మధ్య గునపం పట్టుకుని చెమటలు కక్కుతూ ఆవిడ!

“కొలతలు చూసుకో,” అంది రొప్పుతూ.

చూసుకున్నాడు. అంగుళం తేడా లేదు. ఒళ్ళు మండినా మేస్త్రి వాటిలోనే స్తంభాలు నాటాడు.

పని మొదలయ్యాక మాత్రం ఆమెకి వంక పెట్టలేకపోయాడు. ఎలుకలు కన్నం వెయ్యకుండా జాలీని అడుగు లోతున పాతించింది. ఒక తలుపు మూశాకే రెండోది తెరిచేలా జంట తలుపులు పెట్టించింది. కొత్త తీగ మీది పూత కొరికితే పక్షులకి విషమని, జాలీ మొత్తం వెనిగర్‌తో తనే తోమింది. మణికట్టుదాకా ఉన్న జాకెట్టు చేతులు తడిసి ముద్దయినా పైకి మడుచుకోలేదు. అదో మొండితనం అనుకున్నాడు మేస్త్రి.

మూడోనాడు ఆమె అన్న దిగాడు. మాస్టారే ఫోన్ చేసి పిలిపించాడట.

“ఏమిటే ఈ గొడవ? బావ వద్దంటున్నా వినవా?”

“వినను.”

“ఎప్పుడూ ఆయన మీద ఏదో ఒకటి చెబుతూనే ఉంటావు. ఇన్నేళ్ళలో ఆయన నోట ఒక్క పరుషమైన మాట నేను వినలేదు.”

“నిజమే, నువ్వు వినలేదు. ఆదివారం ఇదంతా పూర్తవుతుంది. రా, చూద్దువుగాని.”

అన్న తల కొట్టుకుంటూ వెళ్ళాడు. పైకి అనలేదు గానీ మేస్త్రి కూడా మనసులో తల కొట్టుకున్నాడు. బంగారంలాంటి మొగుణ్ణి ఇంత సాధించే ఆడమనిషిని అతను చూడలేదు.

బెదురు తీరాలని చిలకల్ని రెండ్రోజుల ముందే కొత్తింట్లోకి మార్చింది. ఆదివారం పొద్దున మేస్త్రి గడియలకి నూనె పెడుతుంటే వీధి వీధంతా గేటు దగ్గర చేరింది. ఇక ఆపలేనని తేలిపోయాక, ఆ ముచ్చటేదో తనదే అన్నట్టు మాస్టారే అందరినీ పిలిచాడు. అన్న కూడా వచ్చి ఓ పక్కన నిలబడ్డాడు.

“మా ఆవిడ సరదా. కాదనలేకపోయాను,” అంటున్నాడు మాస్టారు.

“ఎంత అదృష్టవంతురాలో!” అంది ఎదురింటావిడ. “పలకవేం చిలకమ్మా?”

చిలకలు కొమ్మ మీద బెల్లంకొట్టిన రాళ్ళలా కూర్చున్నాయి.

“అవి మాట్లాడే రకం కాదులెండి,” అన్నాడు మాస్టారు.

ఆమె వంటింట్లోంచి పెద్ద స్టీలు పళ్ళెం తెచ్చింది. అందులో ఏమీ లేదు. జాలీ పక్కన నిలబడి, పళ్ళాన్ని తల ఎత్తున లేపి, భర్త కళ్ళలోకి సూటిగా చూస్తూ రాతి గచ్చు మీదికి వదిలేసింది. ఆ మోతకి జనం అదిరిపడ్డారు. మేస్త్రి చేతిలోని నూనె ఒలికిపోయింది.

“అయ్యో, చెయ్యి జారిందా అమ్మా?” అంటూ మాస్టారు పళ్ళెం కోసం వంగాడు.

“జారలేదు. వదిలాను.”

పెద్ద చిలక రెక్కలు దగ్గరికి ముడుచుకుంది. మరుక్షణం దాని నోట్లోంచి, వీధిలో ఎవరూ పొరపడడానికి వీల్లేకుండా, అచ్చం మాస్టారి గొంతు కేకేసింది.

“ఏడ్చావంటే పీక పిసికేస్తానే!”