కెప్టెన్ అడిగిందే అడుగుతున్నాడు

"ఇది ఏ ఊరు?" అనడిగాడు కామ్రాన్, మళ్ళీ.

జడ్సన్‌కి తల ప్రాణం తోకకొచ్చింది. దోహాలో పేరున్న ఈ ఐస్ హాకీ జట్టుకి ఫిజియోగా చేరినప్పటి నుంచి పళ్ళు రాలగొట్టుకున్నవాళ్ళని చూశాడు, భుజం జారినవాళ్ళని చూశాడు, మోకాలు తిరిగిపోయినా 'మాఫీ ముష్కిల్', ఏం పర్లేదు అంటూ మంచు మీదికి ఉరికినవాళ్ళనీ చూశాడు. నొప్పిగా ఉందని ఒప్పుకుంటే పరువు పోతుంది ఈ మహానుభావులకి. ఇప్పుడు కెప్టెనే ఇలా తయారయ్యాడు.

"దోహా," అన్నాడు పళ్ళు కొరుకుతూ. "నువ్వు పుట్టి పెరిగిన దోహా. నజ్మాలో మీ ఇంటి నంబరు కూడా చెప్పమంటావా?"

"స్కోరెంత?"

"రెండు ఒకటి. మనదే పైచేయి."

బయట గ్యాలరీలో బహ్రెయిన్ వాళ్ళు డప్పులు మోగిస్తున్నారు. ఆ చప్పుడు జడ్సన్ చెవుల్లోంచి నేరుగా మెదడులోకి దిగుతోంది. నర్సు మోనికా ఒక చేత్తో ఐసు సంచి పట్టుకుని, రెండో చేత్తో ఫోన్ పట్టుకుని అంబులెన్సుని తొందరపెడుతోంది. ఆమెది నరసాపురం, అతనిది అమలాపురం, ఇద్దరూ వెళ్ళేది ఒకే చర్చికి. ఆమెతోనన్నా గోడు చెప్పుకోవచ్చు.

"చూశావా మోనికా? రెండోసారి అడుగుతున్నాడు."

"మీరు కాస్త కదలకుండా కూర్చోండి అన్నయ్యా."

కూర్చుంటే వీడు మళ్ళీ ఆటకి పారిపోతాడని జడ్సన్ భయం. ఏం జరిగిందో తను కళ్ళారా చూశాడు. అవతలివాడు బలంగా కొట్టాడు. పక్ అనే ఆ నల్ల రబ్బరు బిళ్ళ గాల్లోకి లేచింది. బెంచీ ముందున్న కామ్రాన్ ఒక్కసారిగా కిందికి వంగిపోయాడు. ఆ తర్వాత అంతా కేకలే. ఇదిగో, తన చొక్కా నిండా వాడి రక్తమే.

పోయినేడు వేరే జట్టులో ఒకతను తలకి దెబ్బ తగిలినా బాగానే ఉందని బుకాయించి మళ్ళీ ఆడాడు. రెండో దెబ్బ పడింది. ఇప్పటికీ చెంచా సరిగ్గా పట్టుకోలేడు. కామ్రాన్ అంటే జడ్సన్‌కి సొంత తమ్ముడే. వాడికలా అయితే తట్టుకోలేడు. పైకి విసుక్కుంటున్నాడు గానీ లోపల వణుకుతున్నాడు.

"ఈ మ్యాచ్ ఎవరితో ఆడుతున్నాం?" అన్నాడు కామ్రాన్.

"కువైట్‌తో రా బాబూ, కువైట్‌తో." ఇంతసేపూ కామ్రాన్‌తో హిందీలో మాట్లాడినవాడికి విసుగులో తెలుగే వచ్చేసింది.

కామ్రాన్, మోనికా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాపం, వాడికి అదీ గుర్తులేదు కాబోలు అనుకున్నాడు జడ్సన్.

"అవన్నీ నేను నేర్పిన ప్రశ్నలే మోనికా. ఎవరి తలకి దెబ్బ తగిలినా ముందు ఇవి అడగమని జట్టంతటికీ బట్టీ పట్టించాను. ఇప్పుడు వాటినే నా మీదికి తిప్పాడు. అడిగిందే అడగడం, చెప్పిందే చెప్పడం, అసలు గుర్తు అదే. చూశావా? రెండోసారి అడుగుతున్నాడు."

మోనికా ముఖం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది.

అంబులెన్సు వచ్చింది. కామ్రాన్ ఎక్కితే గానీ తను ఇక్కడినుంచి కదిలేది లేదని జడ్సన్ భీష్మించుకున్నాడు. మోనికా బతిమాలింది, వినలేదు. చివరికి కామ్రానే దిగొచ్చాడు.

"సరే, నేనూ ఎక్కుతాను. కానీ నువ్వు నా పక్కనే ఉండాలి."

హమ్మయ్య, ఇప్పటికి బుద్ధొచ్చింది అనుకుంటూ జడ్సన్ లేచాడు. కాళ్ళు తడబడ్డాయి. కామ్రాన్ చప్పున అతని నడుం చుట్టూ చెయ్యి వేశాడు. దెబ్బ తిన్నవాడు తనని పట్టుకోవడమేంటని జడ్సన్‌కి ఒళ్ళు మండింది.

అంబులెన్సులో ఉన్న రఫీక్ తలుపు తీస్తూ, పక్ తగిలిన పేషెంటు పేరేంటని అడిగాడు.

"కామ్రాన్," అన్నాడు జడ్సన్ ఠక్కున.

"జడ్సన్," అంది మోనికా.