మూడో వరుస

“చనిపోయిన పిల్లని బతికున్నట్టు రాశారట. వాళ్ళ నాన్న ఫోన్లో ఏడ్చాడండీ,” అన్నాడు సూపర్‌వైజరు, ఫారాన్ని టీచరు ముందుకు తోస్తూ.

పాఠాలు చెప్పుకునే మనిషిని పట్టుకొచ్చి నెల్లాళ్ళ కిందట జనాభా లెక్కల్లో వేశారు. టీచరు నాలుగు వందల ఇళ్ళు తిరిగింది, నాలుగు వేల మెట్లెక్కింది. కానీ ఈ ఫారం చూడకుండానే చెప్పగలదు. మొదటి వరుసలో తండ్రి, రెండో వరుసలో తల్లి, మూడో వరుసలో కూతురు, పన్నెండేళ్ళు.

“ఆ అమ్మాయే చెప్పిందండీ నాకు.”

“ఎక్కడ?”

“వరండాలోకి ఉన్న వంటింటి కిటికీలోంచి. తలుపుకి బయట తాళం వేసుంది.”

సూపర్‌వైజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “తాళం వేసిన ఇంట్లోంచి, చనిపోయిన పిల్ల లెక్క చెప్పింది. ఇదే పైకి రాయమంటారా? జిల్లాలో ఇరవై మూడు లక్షల మంది. అందులో పద్నాలుగేళ్ళ లోపు ఆడపిల్లలే మూడు లక్షలు. ఒకరు తగ్గితే కొంపలేం మునగవు. లేని మనిషిని ఎక్కిస్తే మాత్రం నా ఉద్యోగం మునుగుతుంది. రాసిన చేత్తోనే వెళ్ళి దిద్దుకు రండి.”

దారంతా టీచరుకి ఆ పిల్ల గొంతే వినిపించింది. ఆ రోజు తాళం చూసి వెనక్కి తిరగబోతుంటే, నూతిలోంచి వచ్చినట్టు, “నన్ను కూడా రాస్తారా?” అని అడిగింది. కిటికీ ఊచల వెనక ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉంది. ఏ బళ్ళో చదువుతున్నావంటే తెలియదంది.

“రాస్తే ఎవరైనా వస్తారా?” అంది చివర్లో.

“లెక్కలో తేడా ఉంటే వస్తారు,” అని టీచరు నవ్వి, ఇంట్లో ముగ్గురని రాసిన రసీదు చీటీ ఊచల్లోంచి అందించింది. అందుకున్న వేళ్ళు మంచులా తగిలాయి.

దయ్యాల్ని నమ్మే మనిషి కాదు టీచరు. నమ్మే పిల్లల్ని క్లాసులో ఆటపట్టించేది కూడా. ఇరవై ఏళ్ళుగా హాజరు వేస్తున్న ఆమె ఒక్క నియమం మాత్రం తప్పలేదు. పేరు పిలిస్తే పలికిన పిల్లని ఏ రోజూ లేదని వేయలేదు. ఈ పిల్ల పిలవకుండానే పలికింది.

మూడో అంతస్తులో తండ్రి తలుపు తీశాడు. నెమ్మదైన మనిషి. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చాడు. వంటింటి కిటికీకి లోపలినుంచి అట్ట కొట్టి ఉంది. గోడమీద ఫొటోలో నాలుగేళ్ళ పిల్ల నవ్వుతోంది.

“జ్వరం వచ్చి పోయిందమ్మా. ఎనిమిదేళ్ళయింది. ఆ చీటీలో ముగ్గురని చూసేసరికి మా ఆవిడ రెండ్రోజులు మంచం దిగలేదు.”

“క్షమించండి. నేను చూసిన అమ్మాయి ఇంకాస్త పెద్దది. పన్నెండేళ్ళుంటాయి.”

గుమ్మం పక్కన నిలబడ్డ తల్లి మొదటిసారి నోరు విప్పింది. “ఉంటే ఈ ఏటికి పన్నెండే.”

పోయినవాళ్ళు కూడా ఏటికేడు పెరుగుతారా అనుకుంది టీచరు. గ్లాసు కింద పెడుతూ తలెత్తి చూసింది. లోపలి గది తలుపుకి కొత్త తాళం మెరుస్తోంది.

“అది దాని గదే,” అన్నాడు తండ్రి, ఆమె చూపు గమనించి. “చూడలేక మూసేశాం.”

అప్పుడు ఆ తలుపు అవతలినుంచి మెల్లగా తట్టిన చప్పుడయింది. ఒకటి. రెండు. మూడు.

తల్లి కళ్ళు మూసుకుంది. తండ్రి టీచరు ముఖంలోకి చాలాసేపు చూశాడు.

“మీక్కూడా వినిపించిందా?” అన్నాడు గొంతు తగ్గించి. “మా ఇద్దరికే అనుకున్నాం.”

టీచరు ఒళ్ళంతా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. తల ఊపింది.

“కాగితం మీద కూడా బతికుంటే అది ఈ ఇల్లు వదిలి పోదమ్మా. ఆ పేరు కొట్టేయండి. దాన్ని వెళ్ళనివ్వండి.”

“కొట్టేయకపోతే ఏమవుతుంది?” అంది తల్లి.

భర్త ఆమె వంక ఒక్క చూపు చూశాడు. ఆమె తలొంచుకుంది. బిడ్డ పేరు మీద గీత పడుతుంటే చూడటం ఏ తల్లికి చేతనవుతుంది అనుకుని టీచరు కళ్ళు తుడుచుకుంది.

పెన్ను తీసింది. గీత గీయడానికి చెయ్యి రాలేదు. పలికిన పిల్లని లేదని వేయడం ఆమెకి ఇదే మొదలు. చివరికి మూడో వరుసమీద అడ్డంగా గీత పెట్టి, ‘మొత్తం మనుషులు’ అన్నచోట మూడు కొట్టేసి రెండు వేసింది. పక్కన తండ్రి సంతకం చేశాడు. తల్లి సంతకం వంకర్లు పోయింది.

వెళ్ళబోతూ టీచరు ఆ మూసిన గది ముందు ఆగింది. భయంగానే ఉంది, అంతకన్నా ఎక్కువ జాలిగా ఉంది. తలుపుమీద అరచెయ్యి ఆనించి, “వెళ్ళిపో తల్లీ. ఇంక ఎవరూ రారు,” అంది.

అవతల చప్పుడు ఆగిపోయింది.

నిజంగానే వెళ్ళిపోయింది అనుకుంది టీచరు. గుండె తేలికపడింది. వెనక్కి చూడకుండా గబగబా మెట్లు దిగింది.

తండ్రి తలుపు వేసి, ఆమె చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా చెవి ఒగ్గి నిలబడ్డాడు. తర్వాత జేబులోంచి ఆ గది తాళంచెవి తీసి భార్య చేతికిచ్చాడు.

“ఇంక దానికి అన్నం పెట్టు.”