మూడు వారాల సందేహాలు

“అక్కా, మీ డాక్టరుగారు లైన్లో ఉన్నారు,” అంది పక్క సీటు అమ్మాయి నవ్వాపుకుంటూ.

ఆమె మంచినీళ్ల సీసా పక్కన పెట్టి హెడ్‌ఫోన్ సర్దుకుంది. చిన్న చిన్న క్లినిక్‌లలో రోగుల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్‌కి ఫోన్లో సాయం చేసే ఆఫీసు అది. పన్నెండేళ్లుగా ఆమె పని ఒకటే: ఫోన్ ఎత్తడం, ఏది నొక్కాలో చెప్పడం.

“చెప్పండి డాక్టరుగారూ.”

“రోగికి పడని మందులు ఎక్కడ రాయాలమ్మా?”

నిన్నా అదే అడిగారు. ఆమె చిలక్కి చెప్పినట్టు మళ్లీ చెప్పింది.

“కుడివైపు నాలుగో గడి సార్. మీ కంప్యూటర్‌కి కనెక్ట్ అయి నేనే చూపించనా? రెండు నిమిషాల పని.”

“వద్దమ్మా. నాకు వింటేనే బుర్రకెక్కుతుంది. ఆ వరసలో ఏమేమున్నాయో పైనుంచి కిందికి చదువు.”

ఆమె చదివింది. సగంలో గొంతు జీరబోయింది. ఒక గుటక నీళ్లు తాగి పూర్తిచేసింది.

“జలుబు చేసిందా?”

“లేదండీ. పొద్దస్తమానం వాగే ఉద్యోగం కదా. ఉప్పునీళ్లు పుక్కిలిస్తున్నా.”

“సరే. రేపు మళ్లీ ఫోన్ చేస్తా.”

ఆయన మొదటిసారి ఫోన్ చేసి రెండు వారాలవుతోంది. ఆ రోజు క్లినిక్‌లోని రికార్డులన్నీ ఒక కాపీ తీసుకోవడం ఎలాగని అడిగారు. నాలుగు వేల మంది రోగుల వివరాలు. గంటన్నర సేపు ఆమె లైన్ వదలకుండా, చివరి పేజీ దాకా దగ్గరుండి చేయించింది. అప్పట్నుంచీ రోజుకో సందేహం. ఇంకెవరైనా ఎత్తితే, “ఆవిడ చెబితేనే నాకు అర్థమవుతుంది,” అనేవారు.

“ఈయనకి మందుల చీటీ రాయడమైనా గుర్తుంటుందా అక్కా?” అనేవాళ్లు ఆఫీసులో.

“పెద్దాయన. కాగితాల మీద రాసి రాసి అలవాటైన చెయ్యి. అంత తొందరగా కుదురుతుందా?” అనేది ఆమె. విసుగు రాలేదని కాదు. వచ్చినా మాటలోకి రానిచ్చేది కాదు.

మూడో వారం చివర్లో ఆయన కొత్త పని చెప్పారు.

“ఇవాళ ఒక రోగి పేరు ఎక్కించాలమ్మా. వరసగా అడుగు, చెబుతా.”

“పేరు సార్?”

“పేరు తర్వాత. ఆడమనిషి. నలభై దాటి ఉంటాయి. బాధ, బొంగురు గొంతు. ఎన్నాళ్లుగా అని రాసే గడి ఉందా?”

“ఉందండీ.”

“మూడు వారాలు. జలుబు లేదు, జ్వరం లేదు. రోజురోజుకీ ముదురుతోంది.”

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

“ఆ పేరు నీదేనమ్మా. మూడు వారాలు దాటిన బొంగురుని తేలిగ్గా తీసుకోకూడదు. నిన్ను భయపెట్టడం లేదు. సోమవారం గొంతు డాక్టరుకి చూపించుకో.”

ఆమె వెళ్లింది. చిన్న దీపమున్న గొట్టం లోపలికి పంపి చూశారు. స్వరతంత్రి మీద ఆవగింజంత గడ్డ. ముక్క తీసి పరీక్షిస్తే, మంచిది కాదని తేలింది.

“ఇంకో ఆర్నెల్లు ఆగి ఉంటే మాటే పోయేది. ఇంత తొందరగా ఎవరూ రారు. మిమ్మల్ని ఎవరు పంపారు?” అని అడిగాడు అక్కడి డాక్టరు.

ఆమెకి ఏడుపొచ్చింది.

గడ్డ తీసేశారు. కొన్నాళ్లు ఇంట్లో అన్నీ పలక మీద రాసి చూపించింది. మూడో నెలలో మళ్లీ తన సీట్లో కూర్చుంది. గొంతు కాస్త సన్నబడింది, కానీ తేటగా ఉంది. ఆ రోజు ఒక్క ఫోనూ ఎత్తకముందే ఆయన నంబరు కలిపింది.

“డాక్టరుగారూ, నేనే.”

“ఇంకో నాలుగు మాటలు మాట్లాడమ్మా.”

“మొదట్లోనే దొరికిందన్నారు సార్. మొత్తం తీసేశారు. ఇక భయం లేదన్నారు.”

“బాగుంది,” అన్నారాయన. ఈసారి ఆయన గొంతే బొంగురుపోయింది.

“మీ రుణం ఎలా తీర్చుకోను? ఈ ఆదివారం నేనే మీ క్లినిక్‌కి వస్తా సార్. పక్కన కూర్చుని మీకు సందేహమున్న ప్రతి గడీ చూపిస్తా. పొద్దుపోయినా సరే.”

ఆయన మెల్లగా నవ్వారు.

“నీతో మొదటిసారి మాట్లాడిన రోజే క్లినిక్ మూసేశానమ్మా.”