పక్కింటి పొగ

"అమ్మాయ్, ఈసారి తప్పు పట్టు చూద్దాం!" అన్నాడు డెల్మర్, పెరట్లో నెగడు పక్కన నడుం మీద చేతులేసుకుని.

అగ్నిమాపక శాఖ నుంచి వచ్చిన కిర్‌స్టెన్ టేపు పెట్టి కొలిచింది. "నెగడు గుంట వెడల్పు మూడడుగులు దాటలేదు. ఇంటికీ, కంచెకీ కావలసినంత దూరముంది. కట్టెలు ఎండినవే, పక్కన బకెట్‌తో నీళ్ళూ ఉన్నాయి. అంతా సవ్యంగానే ఉంది పెద్దాయనా. కానీ పక్కింటివాళ్ళు పొగ పడటం లేదంటే ఆర్పేయాల్సిందే. అదీ రూలే."

"విన్నావా?" అంది కంచె అవతలి నుంచి వెర్నా. ప్రతి శనివారం అగ్నిమాపక శాఖకి ఫోన్ చేసి పొగ అని ఫిర్యాదు చేసేది ఆవిడే.

"కిటికీ మూసుకుని ఏడవచ్చుగా!"

"నా కిటికీ, నా ఇష్టం."

డెల్మర్ బకెట్ ఎత్తాడు. నెగడు చుట్టూ కూర్చున్న మనవలు ఉసూరుమన్నారు.

"ఏం చేస్తాంరా! నేను పట్టిన నాలుగడుగుల చేప కథ మళ్ళీ సగంలోనే ఆగిపోయింది."

"నాలుగడుగులా?" వెర్నా కంచె మీంచి తల ఎత్తింది. "పోయిన శనివారం మూడే అన్నావు! అంతకు ముందు వారం మూరెడే!"

అనేసి నాలిక కరుచుకుంది.

కిర్‌స్టెన్ నవ్వాపుకుంటూ టేపు చుట్టేసింది. డెల్మర్ ఆ తెరిచి ఉన్న కిటికీకేసి కాసేపు చూశాడు. బకెట్ కింద పెట్టి, మడత కుర్చీ ఒకటి తెచ్చి పొగ రాని వైపున వేశాడు.

"రా. గేటు తీసే ఉంది."

వెర్నా శాలువా సర్దుకుంటూ వచ్చి కూర్చుంది.

"చేప మాత్రం మూడడుగులు దాటకూడదు," అంది. "దాటిందో, ఫోన్ చేస్తా!"