పెదాల రంగు

పిల్లల ఆసుపత్రిలో గుండె స్పెషలిస్టు తడి దూదితో ఐదేళ్ల ఫెబా పెదాల రంగు తుడిచాడు. రంగు కింద పెదాలు నీలంగా ఉన్నాయి.

"ఏడాదిగా ఓపీలో ఈ నీలం ఎవరికీ కనపడలేదు. ఇక ఆపరేషన్‌కు ఆలస్యమైపోయింది. జబ్బుపిల్లకు రంగెందుకు పూశావమ్మా?"

తల్లి దానమ్మ బిడ్డ క్రిస్మస్ గౌను సర్దింది.

"మొదటిసారి నాచారం కంపెనీల డ్యూటీ దిగి, గట్లనే ఎత్తుకొచ్చిన సార్. దవాఖానకు పిల్లను గింత మురికిగనా తెచ్చేదని తిట్టిన్రు, ముట్టుకోనేలేదు. గప్పటిసంది మంచిగ తయారుజేసే తెస్తున్న."

"ఎవరు తిట్టారు?"

ఓపీ చూసే డాక్టర్ మృదుల ఆయన పక్కనే తల దించుకుని నిలబడింది.

దానమ్మ ఆమెను చూసింది. రేపటినుంచి మందులకు మళ్లీ ఆమె దగ్గరికే రావాలి.

"యాదికి లేదు సార్," అంది.